సమాధుల పండక్కి పట్టుచీర

కంచన్‌బాగ్,
హైదరాబాదు.

మహారాజశ్రీ శ్రీవారికి,

మీ హైమ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, వేణూ, మీరు దుప్పటి కప్పి వెళ్ళిన స్కూటరూ అందరం క్షేమం. అక్కడ ఒడిశా సముద్రపు గాలికి గొంతు పట్టేయకుండా, మఫ్లరు పెట్టెలో దాచుకోకుండా మెడకే చుట్టుకుని మీరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. మీరు డ్యూటీ మీద వెళ్ళిన ఆ క్షిపణి పరీక్షల కేంద్రంలో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుని, ఆదివారం మాత్రం కాసేపు మాట్లాడనిస్తున్నారు. ఆ కాసేపట్లో సగం "హలో, వినపడుతోందా" అనడానికే సరిపోతోంది. పైగా నేను ఏది చెప్పబోయినా మీరు మధ్యలో "అయితే ఇప్పుడేమంటావు?" అంటారు. ఉత్తరానికి ఆ బాధ లేదు. మీరు నోరు మూసుకుని చివరిదాకా చదవాల్సిందే.

మీరడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. బాత్రూము పైకప్పు కారడం తగ్గింది, ఆగలేదు. పైవాళ్ళు "ఇవాళ రేపు" అంటున్నారు, ఆ రేపు ఎప్పటికీ రావడం లేదు. వేణు వేళకు తింటున్నాడా అని అడిగారు. వాడు తింటున్నాడు కానీ ఏం తింటున్నాడో వాడికి తెలియడం లేదు. వంకాయ కూర వడ్డిస్తే "దొండకాయ బావుందమ్మా" అన్నాడు. చేసుకుంటే తనూజనే చేసుకుంటానని వాడు భీష్మించుకున్న దగ్గర్నుంచీ మన ముగ్గురిలో ఎవరి బుర్రా చోట్లో లేదు. మీకేమో వాళ్ళు క్రైస్తవులని బెంగ. నాకేమో, ఇద్దరూ ఒకే ఆఫీసులో రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, మన మూలంగా ఎక్కడ ముఖాలు తిప్పుకోవాల్సి వస్తుందోనని బెంగ.

ఇక మీ చివరి ప్రశ్న. "శాలిబండలో ఆ అమ్మాయి వాళ్ళు సమాధుల పండక్కి రమ్మని పిలిచారు కదా, వెళ్ళి మర్యాద తప్పకుండా ఉండి రా. మనుషులెలాంటి వాళ్ళో చూడు. మిగతాది నేను వచ్చాక. మాట మాత్రం ఇచ్చి రాకు" అని రాసి, చివరి వాక్యం కింద గీత కూడా గీశారు. వెళ్ళాను. ఒకసారి కాదండీ, ఒకే రోజు రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మర్యాద తప్పకూడదని వెళ్ళాను. రెండోసారి ఆ మర్యాద చేసిన నిర్వాకం దిద్దుకోవడానికి వెళ్ళాను.

మీకు తెలుసు కదా, నేను పుట్టి బుద్ధెరిగాక శ్మశానంలో అడుగు పెట్టలేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతాం. అందుకని పండక్కి ముందు ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళందరినీ అడిగాను. మన పాల సత్తెమ్మ క్యాను కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని మరీ చెప్పింది.

"ఖాళీ చేతుల్తోని పోవాలె అమ్మా. ఎవరికీ దండం పెట్టొద్దు, పెట్టిచ్చుకోవద్దు. ఆడ నీళ్ళు గుడ్క తాగొద్దు. నవ్వొద్దు. లేచేటప్పుడు పోయొస్త అనొద్దు, ఎన్కకు తిరిగి సూడొద్దు. ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోస్కోవాలె. గంతే."

ఇది మనం పరామర్శకు వెళ్ళినప్పుడు చేసేదే. బార్కస్‌లో జామపళ్ళు అమ్మే పెద్దావిణ్ణి కూడా అడిగాను. ఆవిడ పళ్ళు తూస్తూ, "ఖబర్ పే పాఁవ్ నక్కో రఖో అమ్మా, అంతే. లోపలికి పోంగనే సలాం చెప్పాలె. ఆళ్ళు వింటరు" అంది. సమాధి మీద కాలు వేయకూడదన్న ముక్క బాగానే ఉందనిపించింది. సలాం సంగతి వాళ్ళ పద్ధతి కదా అని వదిలేశాను. మంచి మాట చెప్పిన మనిషిని వదిలేసి, సత్తెమ్మను పట్టుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

పండగనాడు పొద్దున్నే వేణు నన్ను గేటు దగ్గర దింపి, ఆఫీసులో ఏదో తనిఖీ ఉందని పరుగెత్తాడు. పోతూ పోతూ "సరదాగా గడిపి రా అమ్మా" అన్నాడు. "శ్మశానంలో సరదా ఏమిట్రా, బుద్ధి ఉందా?" అని కసిరాను. బీరువాలో అడుగున పడి ఉన్న వెలిసిపోయిన బూడిదరంగు నేతచీర కట్టుకుని వెళ్ళాను. తల్లో పువ్వు లేదు. బొట్టు కనిపించీ కనిపించనంత. మొహం నిండా విచారం. అద్దంలో చూసుకుంటే నాకే జాలేసింది.

లోపల చూస్తే ఏముంది! తిరునాళ్ళు. గేటు నుంచి దారి పొడుగునా బంతిపూల రాశులు, కొవ్వొత్తుల బుట్టలు. సమాధులన్నీ కొత్త సున్నం వేసుకుని తెల్లగా మెరిసిపోతున్నాయి. ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి పేరు మళ్ళీ నల్లరంగుతో దిద్దుతున్నాడు. ఆడవాళ్ళందరూ కొత్తచీరలు, పిల్లలకు కొత్త గౌన్లు, చాపలేసుకుని టిఫిను డబ్బాలు విప్పుతున్నారు. పాస్టరుగారు ఒక్కొక్క సమాధి దగ్గరికీ వచ్చి ప్రార్థన చేసి వెళుతున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేనొక్కదాన్నే చావింటికి వచ్చినదానిలా నిలబడ్డాను. అప్పుడైనా ఆలోచించానా? లేదు. వాళ్ళ బాధను పైకి కనపడకుండా దాచుకుంటున్నారు పాపం అనుకున్నాను.

తనూజ వాళ్ళు అయిదారు వరసల అవతల ఉన్నారు. వాళ్ళ నాయనమ్మ ఎస్తేరమ్మగారి సమాధి అది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. దాని ఎదురుగా నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, దానిమీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంచారు. తాతగారు డానియేలు, ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు, నన్ను చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు.

"రాండ్రి అమ్మా, రాండ్రి. ఇగో ఎస్తేరూ, ఎవరొచ్చిన్రో సూడు!"

నేను తిరిగి దండం పెట్టలేదు. తనూజ తల్లి విమల ఫ్లాస్కులోంచి చాయ్ పోసి, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి ఇచ్చింది. తల అడ్డంగా ఊపాను. "పోనీ మంచినీళ్ళన్న తాగుండ్రి అక్కా" అంది. అక్కర్లేదన్నాను. చామంతిపూల మాల ఇచ్చి "మా అత్తమ్మకు మీ చేతుల్తోని పెట్టుండ్రి" అంటే, చేయి వెనక్కి తీసుకున్నాను. తనూజ పసుపుపచ్చ చీరలో బంగారుబొమ్మలా వచ్చి నా కాళ్ళకు వంగబోతే, శ్మశానంలో దండం పెట్టించుకోకూడదు కదా, గబుక్కున అడుగు వెనక్కి వేశాను. పాపం ఆ పిల్ల చేతులు అలాగే ఆగిపోయాయి.

కాసేపు తల వంచుకుని కూర్చున్నాను. తర్వాత లేచి, ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటాను. నా వెనకాల ఒక్కసారిగా అందరూ మాటలు ఆపేశారు. ఆహా, వీళ్ళకీ పద్ధతులు తెలుసు, సాగనంపకుండా మౌనంగా ఉన్నారు అని మెచ్చుకున్నాను కూడా! ఇంటికొచ్చి తలస్నానం చేసి, చీర విడిగా ఆరేసి, మర్యాదంటే మా పుట్టింటి మచిలీపట్నం వాళ్ళదే అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోబోతుంటే సత్తెమ్మ వచ్చింది. అది వేళ కాని వేళ, చేతిలో క్యాను కూడా లేదు. వాళ్ళదీ డానియేలు వాళ్ళదీ శాలిబండలో ఒకటే గల్లీ.

"ఏందమ్మా గట్ల చేసినవ్? గల్లీ అంత ఒకటే లొల్లి. తనూజ పొద్దటిసంది ఏడుస్తున్నదట. డానియేలు తాత ఇంటికి రాలే, బువ్వ తినలే, సమాధి కాడనే కూసున్నడు. మా ఎస్తేరు ముందటనే మా పిల్లను వద్దన్నరు అంటున్నడు."

"నేనెక్కడ వద్దన్నాను? నువ్వు చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేశాను!"

"నేను చెప్పింది సావుకు పోతె అమ్మా! గది పండుగ. నువ్వు సమాధుల కాడికి అన్నవ్ గని, పండుగకు అన్నవా?"

"శ్మశానంలో పండగేమిటి సత్తెమ్మా?"

"ఆళ్ళకు గంతే. ఆ ఇంట్ల ఏ మంచి పనైనా ముసలామెకు చెప్పినంకనే. నీకు పిల్లను సూపిద్దామని పిలిచిన్రనుకున్నవా? నిన్ను ముసలామెకు సూపిద్దామని పిలిచిన్రు."

నేను కంచం పక్కకు తోసేశాను. ఏమండీ, నా జీవితంలో నన్ను పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టడం అది రెండోసారి. మొదటిసారి మీ అమ్మగారి ఎదుట తల వంచుకుని కూర్చుని నెగ్గాను. ఈసారి అలాగే కూర్చుని నా కొడుకు పెళ్ళి చెడగొట్టాను. ఆ పిల్ల వంగిన చేతులు కళ్ళముందు కదిలి, నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోను తీశాను. మళ్ళీ పెట్టేశాను. ఏమని చెప్పను? వాళ్ళ పెద్దావిడ ఎదుట జరిగిన అవమానం ఫోన్లో తుడిస్తే పోతుందా? రాత్రికి వేణు ఇంటికొస్తాడు. ఈలోగానే తనూజ వాడికి ఫోను చేసి చెప్పేస్తుందో ఏమో.

లేచి బీరువా తీశాను. మన పెళ్ళినాటి మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకున్నాను. నుదుటి నిండా బొట్టు, చేతుల నిండా గాజులు. సత్తెమ్మ చేత వీధి చివరి కొట్లోంచి చామంతులు తెప్పించి తల్లో పెట్టుకున్నాను. పళ్ళూ, తమలపాకులూ, కొత్త రవికెగుడ్డా పళ్ళెంలో సర్దుకున్నాను. కొబ్బరికాయ కూడా పెట్టబోతే సత్తెమ్మ "గది ఆళ్ళకు ఉంటదో లేదో, ఉండనీ అమ్మా" అని తీసేసింది. పొద్దుటి సలహాకు ప్రాయశ్చిత్తంగా తనే ఆటో పిలిచి, తనే నా పక్కన ఎక్కి కూర్చుంది.

ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఏ ఫంక్షన్ హాల్ అమ్మా?"

"సమాధుల తోటకు పోనీ నాయనా."

వాడు బండి పక్కకు ఆపి వెనక్కి తిరిగి చూశాడు. "పట్టుచీర కట్టుకొనా?"

"నువ్వు నడుపు బిడ్డా, ఆమె పెండ్లిచూపులకు పోతున్నది" అంది సత్తెమ్మ. మేం దిగేదాకా వాడు మళ్ళీ నోరెత్తితే ఒట్టు.

మేం వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది, అక్కడక్కడా కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. డానియేలుగారు సమాధి అంచున తల వంచుకుని కూర్చున్నాడు. విమల పక్కన నిలబడి ఇంటికి రమ్మని బతిమాలుతోంది. తనూజ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి ముగ్గురూ బిత్తరపోయారు. ముందు ఎవరితో మాట్లాడాలో ఈసారి నాకు తెలుసు. చెప్పులు విడిచి, పళ్ళెం కింద పెట్టి, సమాధికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

"ఎస్తేరమ్మగారూ, నమస్కారం. నేను హైమవతిని, వేణు తల్లిని. పొద్దున వచ్చింది కూడా నేనే. పొద్దున నేను మీరు చనిపోయారనుకుని వచ్చానండీ. అందుకే పలకరించలేదు. తప్పయిపోయింది."

తర్వాత వాళ్ళ వైపు తిరిగి, సత్తెమ్మ చెప్పినవన్నీ, మా ఇళ్ళల్లో పాటించేవన్నీ ఏకరువు పెట్టాను. చాయ్ ఎందుకు వద్దన్నానో, పూలు ఎందుకు ముట్టలేదో, చెప్పకుండా ఎందుకు వెళ్ళానో, అంతా. "నేను మీకు చేసిందంతా మర్యాదేనమ్మా, ఒక్కటి కూడా తక్కువ చేయలేదు" అన్నాను విమలతో. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వుతోంది. డానియేలుగారైతే సమాధి మీద అరచేత్తో కొడుతూ నవ్వాడు.

"ఇన్నవా ఎస్తేరూ? నువ్వు సచ్చిపోయినవనుకున్నదట! పొద్దటిసంది నేను ఫికర్ జేసి సస్తున్న!"

పక్క సమాధుల వాళ్ళు కూడా వచ్చి, కథ మళ్ళీ చెప్పించుకుని మరీ నవ్వారు. చల్లారిపోయిన చాయ్ అమృతంలా తాగాను. ఇంకా కావాలని అడిగాను. బిస్కెట్లు తిన్నాను. తనూజను దగ్గరికి పిలిచి "ఇప్పుడు పెట్టవే దండం" అన్నాను. వంగిన పిల్లను లేవనెత్తి కౌగిలించుకున్నాను. చామంతిమాల నా చేతుల్తో ఎస్తేరమ్మగారికి వేశాను.

తర్వాత డానియేలుగారు "మీ అమ్మగారు ఉన్నరా అమ్మా?" అని అడిగాడు. లేదని, కృష్ణలో కలిపామని చెప్పాను. అంతలో ఏమైందో, నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అమ్మ పోయిన నాటి నుంచీ ఎన్నో సంగతులు జరిగాయి, ఒక్కటీ వెళ్ళి చెప్పుకోవడానికి నాకు చోటు లేదండీ. వేణుకు ఉద్యోగం వచ్చిందని చెప్పలేదు. వాడి పెళ్ళి మాట చెప్పలేదు. ఆ మాటే అనేశాను. డానియేలుగారు కాస్త జరిగి, సమాధి అంచున నాకు చోటిచ్చాడు.

"ఈడ చెప్పుండ్రి. మా ఆమెకు మస్తు దోస్తులు. మీ అమ్మగారు యాడున్నా ఎతికి చెప్తది."

నేను కూర్చుని చెప్పాను. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, నోరు నవ్వుతూనే ఉంది. నా గుండె అంత తేలికగా ఎప్పుడుందో నాకు గుర్తు లేదు.

ఇదీ జరిగింది. రెండోసారి ఇంటికొచ్చాక తలస్నానం చేయలేదు. మీరు అడుగుతారని ముందే చెబుతున్నాను. పేరంటానికి వెళ్ళొచ్చి ఎవరైనా తలస్నానం చేస్తారా? వేణుకి ఆఫీసులోనే తనూజ ఫోను చేసి అంతా చెప్పిందట, లోపలికొచ్చి నన్ను ఎత్తి గిరగిర తిప్పాడు. నా నడుం ఇంకా నొప్పిగానే ఉంది. సత్తెమ్మ ఇప్పుడు ఇంటింటికీ పాలతో పాటు ఈ కథ కూడా పోస్తోంది. మీ స్వెటరు ఒకటి వేణు చేత పార్సిలు పంపిస్తున్నాను, అందులో ఆవకాయ సీసా ఉంది, తలకిందులుగా పెట్టకండి.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ రాయకుండా తోసుకొచ్చాను. మీరు నిలబడి చదువుతుంటే కూర్చోండి.

చీకటి పడుతుంటే లేచాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మాట్లాడకుండా చెప్పులు వేసుకుంటున్నాను. డానియేలుగారు ఆపాడు.

"చెప్పకుండనే పోతరా అమ్మా? చెప్పకుంటె ఎట్ల? మళ్ళ పండుగొచ్చేదాంక ఎదురుసూస్తది. ఏం చెప్పమంటరు ఆమెకు?"

ఆయన నన్ను బలవంతం చేయలేదండీ. మామూలుగానే అడిగాడు. విమల కొవ్వొత్తికి చేయి అడ్డం పెట్టి నిలబడింది. తనూజ నేల చూస్తోంది. మీరు గీత గీసిన వాక్యం నాకు గుర్తుంది. అక్షరాలతో సహా గుర్తుంది. అయినా నేను పళ్ళెం తీసుకుని, పళ్ళూ తాంబూలమూ రవికెగుడ్డా విమల కొంగులో పెట్టాను. సమాధి వైపు తిరిగి, "ఎస్తేరమ్మగారూ, మీ మనవరాలు మా ఇంటి కోడలండీ. వెళ్ళొస్తాను" అన్నాను. గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాను.

ప్రెషరు కుక్కరు కొనడానికి కూడా వర్జ్యం చూసే మనిషి మీరు. నేను మాత్రం కొడుకు పెళ్ళికి శ్మశానంలో, దీపాలు పెట్టే వేళ, ఏ పంచాంగమూ చూడకుండా తాంబూలం ఇచ్చి వచ్చాను. మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. రెండు రోజులు కోపంగా ఉండండి, మూడోనాడు మఫ్లరు చుట్టుకుని ఆలోచించండి. అప్పటికీ వద్దనిపిస్తే నేను అడ్డు రాను. కానీ బతికున్నవాళ్ళకిచ్చిన మాటైతే ఎలాగో వెనక్కి తీసుకునేదాన్ని. ఆవిడకు ఇచ్చాను. మీరు సెలవు పెట్టి వచ్చి, మంచి బట్టలు కట్టుకుని, ముందు నమస్కారం చెప్పి, మీ నోటితో మీరే ఆవిడకు కాదని చెప్పి రండి.

మీరు చెప్పలేరు. పాతికేళ్ళ పైగా చూస్తున్నాను కదా మిమ్మల్ని.

ఇట్లు,
మీ అర్ధాంగి, తనూజకు అత్తగారు,
హైమవతి